మిసిసిపీ బ్యాక్‌వాటర్లో క్రాపీ చేపలు దొరకట్లేదు, శనివారం మైనస్ 17 అంట, వెళ్ళొచ్చా?

కోనసీమ_కుర్రోడు (రాచెస్టర్, మిన్నెసోటా) · మంగళవారం రాత్రి

అందరికీ నమస్కారమండి. రాచెస్టర్ వచ్చి మూడేళ్ళయింది. చిన్నప్పుడు మా ఊళ్ళో కాలవ గట్టు మీద ఎర్రలు తవ్వుకుని గాలం వేసినోణ్ణే, జెల్లలు, కొరమేను పిల్లలు, ఎప్పుడన్నా ఒక వాలుగ పడిందంటే ఆ రోజింక పండగే. ఇక్కడ గడ్డకట్టిన నీళ్ళ మీద కూర్చుని చేపలు పడతారని మొదటి చలికాలమే చూశాను కానీ ధైర్యం చెయ్యడానికి రెండేళ్ళు పట్టింది. పోయినేడు లైసెన్స్ తీసుకుని చిన్న సరస్సులో నాలుగు బ్లూగిల్ చేపలు పట్టాను, అప్పట్నించీ పిచ్చి పట్టేసింది.

ఈ ఏడు క్రాపీ పట్టాలని మిసిసిపీ ఒడ్డునున్న వబాషా వెళ్తున్నాను. రెండు శనివారాలు అయిపోయాయి, పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్కటంటే ఒక్కటి లేదు. పాయ వచ్చి కలిసే చోటుకి కొంచెం ఇవతల, లోతు 11 అడుగులు, మైనపు పురుగులు వేశాను, బతికున్న చిన్న చేపలు వేశాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు, అదే అనుమానం వచ్చింది. ఈ శనివారం పొద్దున మైనస్ 17 ఫారెన్‌హీట్ అంటున్నారు, అంటే మన లెక్కలో మైనస్ 27. వెళ్ళొచ్చా మానెయ్యనా, వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వినోనా_బాబాయ్ (వినోనా) · మంగళవారం రాత్రి

తమ్ముడూ, పాయ వచ్చి కలిసే చోటన్నావు చూడు, అక్కడే ఉంది తప్పంతా. నీళ్ళు కదిలే చోట చలికాలం క్రాపీ ఉండదు. వాల్‌ఐ చేప ఉండొచ్చు, క్రాపీ ఉండదు.

కోనసీమోడివి కాబట్టి పాయ, లంక, మడుగు నీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ కూడా అంతే అనుకో. 1930ల్లో సరుకు పడవలకి 9 అడుగుల లోతు ఉండాలని నదికి అడ్డంగా డ్యాములు కట్టుకుంటూ పోయారు, మినియాపోలిస్ నుంచి కిందికి మొత్తం 29 లాకులు. ఒక డ్యాముకీ ఇంకో డ్యాముకీ మధ్య ముక్కని పూల్ అంటారు. నువ్వెళ్ళే వబాషా నాలుగో పూల్, దాని డ్యాము కింద ఆల్మా దగ్గరుంది. మా వినోనా ఆరోది. డ్యాము వెనక నీళ్ళు తన్ని పాత అడవులూ పచ్చిక బీళ్ళూ మునిగి వందల కొద్దీ మడుగులయ్యాయి, వాటినే ఇక్కడోళ్ళు బ్యాక్‌వాటర్ అంటారు.

ఇప్పుడు చలికాలంలో ఏమవుతుందంటే, నీళ్ళు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి, కాబట్టి కదలని మడుగులో ఆ కాస్త వెచ్చటి నీళ్ళు అడుక్కి దిగుతాయి, పైన మంచుకి ఆనుకుని సున్నా. ప్రవాహం ఉన్న చోట పైదీ కిందదీ కలిసిపోయి పైనించి అడుగు దాకా సున్నా అయిపోద్ది. క్రాపీ దానికి తట్టుకోలేదు. ఈ మడుగుల్లోనే చేపల మీద పరిశోధన చేసినవాళ్ళు చెప్పింది ఏంటంటే, నీళ్ళు 1 డిగ్రీ కంటే చల్లబడినా, సెకనుకి 1 సెంటీమీటరు కదలిక వచ్చినా, లీటరుకి 2 మిల్లీగ్రాముల కంటే ఆక్సిజన్ తగ్గినా బ్లూగిల్, క్రాపీ అక్కణ్ణించి జరిగిపోతాయి. సెకనుకి ఒక్క సెంటీమీటరు అంటే కంటికి కూడా తెలీదు. నువ్వు కూర్చున్న చోట దానికి పదింతలు ఉంటది.

కాబట్టి శాటిలైట్ మ్యాప్ తీసి, పై చివర మూసుకుపోయి కింద చివర మాత్రమే నదికి తెరుచుకున్న మడుగు వెతుకు. అందులో 6 నుంచి 9 అడుగుల లోతు గుంత ఉంటే అదే వాటి చలికాలపు ఇల్లు. ఇవి డ్యాములు కట్టాక ఒండ్రు పడి పూడిపోతూ వచ్చాయి, 1986 నుంచి నడుస్తున్న నది పునరుద్ధరణ పనుల్లో కొన్నిటిని మళ్ళీ తవ్వారు, చేపలు చలికాలం గడపడానికే. అలాంటి చోట డిసెంబరులో గుంపు చేరిందంటే ఫిబ్రవరి దాకా ఉంటది. ఫిబ్రవరి చివర్లో మాత్రం మంచు మీద మందంగా స్నో పడి వెలుతురు దిగక, అడుగున నాచు కుళ్ళి ఆక్సిజన్ తగ్గుద్ది, అప్పుడు కాస్త కొత్తనీరు తగిలే అంచుకి జరుగుతాయి.

మైనస్ 17 సంగతి, పొద్దున్నే వెళ్ళమాకు. అవి సాయంత్రం పూటే బాగా తింటాయి, పదిన్నరకి బయల్దేరితే చాలు.

మానేరు_పోరడు (లా క్రాస్, విస్కాన్సిన్) · బుధవారం

బాబాయ్ జాగ చెప్పిండు, నేను సామాను చెప్త. మాది కరీంనగర్, ఇక్కడ ఎనిమిదేండ్ల సంది ఆడుతున్న.

అన్నా నువ్వు ఒక్క కాడనే పొద్దుగూకేదాక కూసున్నవు గదా, అది బంద్ చెయ్. మంచుల పది పన్నెండు హోల్స్ కొట్టు, అడుగడుగుకు లోతు చూస్కుంట పో. ఫ్లాషర్, అంటే నీళ్ళల్ల చేపలను గీతల లెక్క చూపే మిషిని, ఉంటే ఒక్కో హోల్ల దింపి రెండు నిమిషాలు చూడు, ఏం కనవడకపోతే లేచి నడువు. ఫ్లాషర్ లేకపోతే ఎవల్నన్న అడిగి తెచ్చుకో, క్రాపీకి అది లేకుండ గుడ్డోని ఆటనే ఉంటది ఎందుకంటే అది అడుగున పండది, నడిమిట్ల వేలాడుతది, 8 అడుగుల నీళ్ళుంటే 5 అడుగుల కాడ గుంపు ఉండచ్చు.

ఇంకోటి మస్తు ముఖ్యం. క్రాపీ కండ్లు పైకి చూస్తయ్. ఎర దాని కంటె కిందికి పోయిందంటె అయిపోయినట్టే, దానికి కనవడది. ఎప్పటికి అడుగు పైననే ఆపు. అది కిందికెల్లి మెల్లగ లేచి వస్తది, ఎరను నోట్లె పెట్టుకొని ఇంక పైకే పోతది, గందుకే దారం గుంజినట్టు అనిపియ్యది, దారం వదులైతది. రాడ్ కొసన ఉన్న స్ప్రింగ్ వంగి ఉన్నది గదా, అది నిటారుగ లేస్తది. నీకు రెండు వారాలల్ల అట్ల లేచి ఉంటే అవన్ని క్రాపీలే, నువ్వు కిందికి గుంజుతదేమో అని చూస్తున్నవు కావొచ్చు.

లేచిందంటె చెయ్యి కొట్టకు, మెల్లగ ఎత్తు. దాని నోటి పొర కాయితం లెక్క ఉంటది, అందుకే ఇక్కడోళ్ళు కాయితం నోరు అని పేరు పెట్టిన్రు, జోర్ల గుంజితె చినిగి పోతది.

దారం 3 పౌండ్లది చాలు. జిగ్, అంటే బరువు గుండున్న కొక్కెం, టంగ్‌స్టన్‌ది 4 మిల్లీమీటర్లది తీస్కో, సీసం కంటె బరువు, చిన్నగ ఉండి గూడ జల్దిన దిగుతది, చలిల దారం గడ్డకట్టి చుట్టలు పడ్డప్పుడు ఆ బరువే దాన్ని సాపు చేస్తది. మైనపు పురుగుల డబ్బ లోపలి జేబుల పెట్టుకో, బయట పెడితె పది నిమిషాలల్ల రాళ్ళైతయ్. హోల్స్ కొట్టే ఆగర్ మిషిని బ్యాటరీ గూడ కార్ల వెచ్చగ ఉంచి చివరకు తియ్యి.

నర్సమ్మ_సెయింట్‌పాల్ · బుధవారం

నేను చేపలు పట్టను, మా ఆయన పడతారు, నేను ఎమర్జెన్సీలో నర్సుని. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగైనా చదవండి.

మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి గంటకి 10 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి మైనస్ 41 లా తగులుతుంది. అలాంటప్పుడు బయటికి కనిపించే చర్మం పది నిమిషాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. మన లంబసింగిలో సున్నాకి దగ్గరైతేనే పేపర్లో వేస్తారు, ఇది ఆ చలి కాదు తమ్ముడూ. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 అయితే మిన్నెసోటాలో పోస్టు పంచడం కూడా ఆపేశారు. ముక్కు కొసా, చెవి తమ్మెలూ, వేళ్ళ కొసలూ తెల్లగా మైనంలా అయి నొప్పి పోయిందంటే బాగైందని కాదు, అదే చెడ్డ గుర్తు. రుద్దకూడదు. స్నోతో అస్సలు రుద్దకూడదు. ఇంక మళ్ళీ చల్లబడదు అనుకున్న చోటికి వెళ్ళాకే గోరువెచ్చటి నీళ్ళలో పెట్టాలి, ఆ నీళ్ళ వేడి ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి, మొద్దుబారిన చేతికి కాలేది తెలీదు.

కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిసి అలాగే ఉంటుంది. లోపల ఉన్ని. సామాన్ల స్లెడ్ (మంచు మీద జారే బండి) లాక్కెళ్ళేటప్పుడు పై కోటు విప్పి స్లెడ్ మీద పడేసి నడవండి, చెమట పట్టకుండా చేరడమే సగం పని.

టెంట్‌లో హీటర్ పెడితే పైన కిటికీ, కింద అంచు కాస్త తెరిచి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి వచ్చిందంటే ముందు బయటికి రావాలి, తర్వాతే ఎందుకొచ్చిందో ఆలోచించాలి. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి తీసుకెళ్ళండి.

నీళ్ళలో పడితే 1-10-1 గుర్తుపెట్టుకోండి. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత 10 నిమిషాలు కాళ్ళూ చేతులూ మాట వింటాయి, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట ఉంటుంది. అంటే పడగానే చచ్చిపోరు, కంగారుపడి ఆ మొదటి నిమిషంలో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పీల్చడమే ముందున్న పెద్ద ప్రమాదం.

కోనసీమ_కుర్రోడు · బుధవారం రాత్రి

అక్కా చాలా థాంక్సండి, ఇది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను, ముందు వద్దే వద్దంది, ఇప్పుడు అన్నీ సర్దుకుని ఇంకొకర్ని తోడు తీసుకుని వెళ్తే సరే అంది. మానేరన్నా, స్ప్రింగ్ పైకి లేవడం మాత్రం నిజంగా చూశానన్నా, గాలికి కదిలిందేమో అనుకుని వదిలేశాను, కనీసం ఐదారు సార్లు!! బాబాయ్ గారూ, మంచు ఎంత మందం ఉంటే నిలబడొచ్చండి, ఇంత చలికి ఎలాగూ గట్టిగానే ఉంటుంది కదా?

వినోనా_బాబాయ్ · బుధవారం రాత్రి

ఆ చివరి మాటే అనుకోవద్దు తమ్ముడూ. చలి ఉందని నది మీద నమ్మకం పెట్టుకోకూడదు.

కొత్తగా పట్టిన గట్టి గాజు మంచు 4 అంగుళాలు ఉంటే మనిషి నడవొచ్చని ఇక్కడి సహజవనరుల శాఖ చెప్తది, తెల్లమంచైతే దానికి రెట్టింపు ఉండాలి. అది కూడా సరస్సు లెక్క. నదిలో కింద నీరు మంచుని అరగదీస్తానే ఉంటది, పైకి ఏమీ కనపడదు. ఒకచోట 12 అంగుళాలు కొలిచి నాలుగు అడుగులేస్తే 3 అంగుళాలు ఉండొచ్చు. పైన స్నో దుప్పటిలా కప్పి ఉంటే చలి కిందికి దిగదు, ఎంత మైనస్ అయినా అక్కడ మంచు పెద్దగా పెరగదు.

ఏడేళ్ళ కిందట నాకు జరిగింది చెప్తా. మైనస్ 9, వరసగా పది రోజులు చలి, తెలిసిన మడుగే, ముందు వారం నడిచిన దారే. బీవర్ (నీళ్ళలో కర్రలతో గూడు కట్టే జంతువు) గూడుకి ఒక పదిహేను అడుగుల దూరంగా పోతున్నా, కుడికాలు తొడ దాకా దిగిపోయింది. అవి గూట్లోకి పోయి వచ్చే దారిలో నీళ్ళు కదిలి కదిలి పైన మంచు పల్చబడిందన్నమాట. చేతిలో కడ్డీ అడ్డంగా పడబట్టి ఆగాను. బూటులో నీళ్ళు కారు చేరేలోపే గడ్డకట్టాయి, ఆ నడక అరమైలు కూడా లేదు, జీవితంలో అంత పొడుగు నడక లేదు. అప్పట్నించి గూడు కనపడితే బాగా చుట్టూ తిరిగి పోతా.

కాబట్టి ఇనప కడ్డీ చేత్తో పట్టుకుని అడుగు వేసే ముందు ముందర రెండు దెబ్బలు గట్టిగా కొట్టు. దిగబడిందంటే తిరిగి వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చెయ్. మెడలో ఐస్ పిక్స్ (మంచులో గుచ్చి పాకడానికి మేకులున్న పిడులు) వేసుకో, స్లెడ్‌లో కాదు, మెడలో. పడితే వచ్చిన వైపుకే తిరిగి, పిక్స్ గుచ్చి, కాళ్ళు ఈత కొట్టినట్టు తన్ని పొట్ట మీద పైకి జారు, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ రా. తేలే సూటు ఉంటే ఇంకా మంచిది. చెట్ల మీద గద్దలు వరసగా కూర్చుని ఉన్నాయంటే దగ్గర్లో తెరిచిన నీళ్ళున్నట్టే, ఆ వైపు పోవద్దు. ఇంకోటి, డ్యాముల దగ్గర నీటిమట్టం మారుద్ది, ఒడ్డు అంచు మంచు విరిగి ఉంటది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూసుకో.

ఫార్గో_సుబ్బు · గురువారం

నాదో మాట. ఇంత రిస్కు ఎందుకండీ, మిన్నెసోటాలో పదివేల సరస్సులున్నాయి, మంచు సమంగా ఉంటుంది, 30 అడుగుల గుంతల్లో క్రాపీలు గుంపులుగా ఉంటాయి, నేను అక్కడే పడతాను, పెద్దవి ఉంచుకుని చిన్నవి వదిలేస్తాను. నది మీద నడిచే పని నాకైతే నచ్చదు.

వినోనా_బాబాయ్ · గురువారం

సుబ్బు గారూ, మంచు విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటా, కొత్తవాళ్ళకి సరస్సే మేలు. కానీ 30 అడుగుల నుంచి లాగి చిన్నవి వదిలేస్తున్నాను అన్నారు చూడండి, అవి బతకవు. పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి లోపల గాలితిత్తి ఉబ్బిపోద్ది, ఈదుకుంటూ వెళ్ళినట్టే ఉంటది, చాలా వరకు కిందికెళ్ళి చస్తాయి. అంత లోతులో పడితే చిన్నదైనా పెద్దదైనా లెక్కలో వేసుకుని, కూరకి సరిపడా రాగానే ఆపెయ్యాలి. నేను మడుగుల్లో పట్టేది సగం అందుకే, 7 అడుగుల నుంచి వచ్చింది వదిలితే బతుకుద్ది. ఇది పట్టించుకోమని ప్రతి ఒక్కరికీ చెప్తా, నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఫార్గో_సుబ్బు · గురువారం

ఇది నాకు నిజంగా తెలీదండి. నాలుగేళ్ళుగా వదులుతున్నాను. ఇకనుంచి లోతు గుంతలో లెక్క పెట్టుకుని ఆపేస్తా.

రాజమండ్రి_రేవు (రాజమహేంద్రవరం) · గురువారం

నేను ఇండియా నుంచి చదువుతున్నానండి, మంచు ఎప్పుడూ చూడలేదు, కానీ బాబాయ్ గారు మడుగు అన్నాక మొత్తం అర్థమైపోయింది. మా గోదారి ఎండాకాలం సన్నబడిపోయి ఇసక తేలాక చేపంతా మడుగుల్లో చేరుతుంది, మా నాన్న ఆ రెండు నెలలూ పారే నీళ్ళలో వల వేసేవాడే కాదు. అక్కడ చలికీ ఇక్కడ ఎండకీ చేప చేసే పని ఒకటేనన్నమాట. కుర్రోడు గారూ, శనివారం ఏమైందో తప్పకుండా రాయండి, ఎదురు చూస్తుంటా.

కోనసీమ_కుర్రోడు · శనివారం రాత్రి 11

పడ్డాయండీ!!! మొత్తం చెప్తాను.

మా ఆఫీసు స్నేహితుణ్ణి తీసుకుని పదిన్నరకి బయల్దేరాం. ఒడ్డు చేరేసరికి మైనస్ 11, ఎండ ఉంది, గాలి పెద్దగా లేదు. మ్యాప్‌లో చూసుకున్న మడుగు, పై చివర చెట్లూ ఒండ్రూ పడి మూసుకుపోయింది. ఒడ్డు నుంచి కడ్డీ కొట్టుకుంటూ వెళ్ళాం, మొదట 8 అంగుళాలు, తర్వాత 10. ఎడమవైపు తుంగ దగ్గర చిన్న ఊట లాంటిది కనిపించింది, అక్కడ రెండో దెబ్బకే కడ్డీ దిగిపోయి నీళ్ళు పైకి వచ్చాయి, ఇద్దరం అలాగే ఆగిపోయి వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చాం. చుట్టూ తెల్లగా ఒకేలా ఉందండి, కడ్డీ లేకపోతే నేను అటే నడిచేవాణ్ణి.

14 హోల్స్ కొట్టాం. 3 అడుగులు, 4 అడుగులు, మళ్ళీ 3, స్నేహితుడు విసుగుపడ్డాడు. పన్నెండోది ఏడున్నర. ఫ్లాషర్ దింపగానే (మానేరన్న చెప్పినట్టు ఒకాయన దగ్గర అడిగి తెచ్చాను) అడుక్కి రెండు అడుగుల పైన ఎర్ర గీతలు మందంగా! ఒళ్ళు జలదరించింది. ఎర వాటి పైన ఆపాను. ఒక గీత విడిపోయి మెల్లగా లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది, స్ప్రింగ్ నిటారుగా అయింది, నేను కంగారులో గట్టిగా లాగేశాను, పోయింది. కాయితం నోరు అంటే ఏంటో తెలిసింది.

తర్వాత అరగంట ఏమీ లేదు. మూడున్నర దాటాక మొదలైంది, సూర్యుడు విస్కాన్సిన్ వైపు కొండల్ని ఎర్రగా చేసే టైములో. రెండోదాన్ని చెయ్యి అదిమిపెట్టి మెల్లగా ఎత్తాను. హోల్ లోంచి ముందు ఆ నల్లచుక్కల వెండి ఒళ్ళు కనిపించింది, పదిన్నర అంగుళాలు. వీపు ముళ్ళు లెక్కపెట్టాను, 7 ఉన్నాయి, అంటే నల్ల క్రాపీ, తెల్లదానికి 5, 6 ఉంటాయంట. మొత్తం 9 పట్టాం, 5 ఉంచుకున్నాం. చిన్నవి హోల్ మీదే కొక్కెం తీసి అట్నించటే వదిలేశాం, ఆ చలికి మంచు మీద పెడితే కళ్ళూ మొప్పలూ గడ్డకట్టేస్తాయని స్నేహితుడు ఎక్కడో చదివాడు.

కష్టాలు కూడా రాస్తాను. రెండు నిమిషాలకోసారి హోల్ మీద పొర కట్టేస్తోంది. రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటోంది, నోట్లో పెట్టి కరిగించుకున్నాను, పెదవి అంటుకుంది, అలా ఎవరూ చెయ్యొద్దు. ఒక పౌండు ప్రొపేన్ సిలిండర్ మంట నాలుగింటికే చిన్నదైపోయింది. ఫోన్ 60 శాతం ఉండగానే ఆగిపోయింది, అందుకే ఫొటో ఒక్కటే ఉంది. చీకటి పడ్డాక మంచు కింద నుంచి పొడుగ్గా మూలుగు లాంటి శబ్దం వచ్చిందండి, ఈ చివర్నించి ఆ చివరికి పాకింది, నా గుండె జారింది. అవతలి ఒడ్డున రైలు పోతోంది, ఇంకే చప్పుడూ లేదు. మూడేళ్ళలో ఈ దేశంలో అంత ప్రశాంతంగా నేను ఎప్పుడూ లేను.

వినోనా_బాబాయ్ · శనివారం రాత్రి

శభాష్ తమ్ముడూ! ఆ మూలుగు గురించి భయపడొద్దు, చలికి మంచు బిగుసుకుని చీలేటప్పుడు అట్టాగే అరుస్తది. ఊట దగ్గర వెనక్కి వచ్చారు చూడు, ఇవాళ మీరు చేసిన మంచి పని అదే. సిలిండర్‌కి, ప్రొపేన్ ఆవిరయ్యే కొద్దీ సిలిండర్ ఇంకా చల్లబడి ఒత్తిడి పడిపోద్ది, 20 పౌండ్ల ట్యాంకుకి గొట్టం పెట్టుకుంటే ఆ బాధ చాలా వరకు ఉండదు. ఈ నది మీద రెండు ఒడ్ల రైలు పట్టాల మధ్య మిన్నెసోటా లైసెన్స్ అయినా విస్కాన్సిన్ లైసెన్స్ అయినా చెల్లుద్ది, కానీ ఎన్ని ఉంచుకోవచ్చన్నది సరిహద్దు నీళ్ళకి వేరే పేజీలో ఉంటది, ప్రతి ఏడూ అది చూసుకో.

నర్సమ్మ_సెయింట్‌పాల్ · ఆదివారం

పెదవి ఎలా ఉంది? కాలివేళ్ళు ఇవాళ రంగు మామూలుగానే ఉన్నాయా, బొబ్బలేమన్నా వచ్చాయా?

మానేరు_పోరడు · ఆదివారం

అన్నా మస్తు ఖుషైంది సదివి. ఎట్ల వండుకున్నరు మరి?

కోనసీమ_కుర్రోడు · ఆదివారం

అక్కా, వేళ్ళు బాగున్నాయి, బొబ్బల్లేవు, పెదవి కొంచెం పొర ఊడింది అంతే, వెన్న రాస్తున్నాను.

అన్నా, మూడింటికి ముళ్ళు తీసి ముక్కలు చేసి ఉప్పూ కారం, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి వేపాం. ఇక్కడోళ్ళందరూ ముళ్ళు తీసే తింటారంట కానీ మా ఆవిడ మిగతా రెండూ పొలుసు తీసి తలతో సహా చింతపండు పులుసు పెట్టింది, మెత్తటి చేప కాబట్టి పులుసు మరిగాక చివర్లో వేసి గరిట పెట్టకుండా గిన్నె ఊపాలి. తెల్లారి ఇంకా బాగుంది. మా అమ్మకి వీడియోలో చూపిస్తే చందువా పిల్లలా ఉందంది.

వచ్చే శనివారం మైనస్ 4 అంటున్నారు, మళ్ళీ అదే మడుగు. బాబాయ్ గారూ, మీరు వస్తే వబాషాలోనే కలుద్దాం, మానేరన్నా నువ్వు కూడా. నా దగ్గర ఐస్ పిక్స్ జత ఒకటి ఎక్కువ ఉంది, ఫ్లాషర్ మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి.

వినోనా_బాబాయ్ · ఆదివారం

వస్తా. ఫ్లాషర్ నాది తెస్తా. శుక్రవారం మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి ఆ ఊట పక్కన మంచు ఎంతవరకు పల్చగా ఉందో కొలిచి కర్రలు పాతి వస్తా, కొలత ఇక్కడే పెడతా, అది చూసుకున్నాకే బయల్దేరండి.